నిశ్శబ్దంలో కందిపప్పు

మనిషి చెడగొట్టగలిగినవి లోకంలో చాలా ఉన్నాయి. పాలు విరగ్గొట్టవచ్చు, కుదిరిన సంబంధం చెడగొట్టవచ్చు, బాగా నడిచే గడియారాన్ని బాగుచేసి మరీ చెడగొట్టవచ్చు. కానీ నిశ్శబ్దాన్ని చెడగొట్టినవాడిని మీరెప్పుడైనా చూశారా? అదీ ఒకటీ అరా కాదు, నూరు క్యాసెట్లలో, అట్ట పెట్టెలో సర్ది, పైన పురికొస కట్టి? చూడకపోతే ఇదిగో, నేనే. నమస్కారం. కాళ్లు చాపుకుని కూర్చోండి. ఒక స్క్రూడ్రైవరు, ఒక మైకు, బోలెడంత మంచి మనసు, ఈ మూడింటితో నేను ప్రాణస్నేహితుడి కొంప ఎలా ముంచబోయానో చెబుతాను. మూడింటిలోకీ ప్రమాదకరమైంది మంచి మనసేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

తొంభైల మొదట్లో మాట. బళ్లారి కౌల్ బజారులో మా నాన్నకు కిరాణా అంగడి ఉండేది. మా నాన్న పప్పు తూస్తుంటే త్రాసు ముల్లు నడుమ నిలిచేది కానీ ఆయన చెయ్యి నిలిచేది కాదు. పైన ఇంకో పిడికెడు పడాల్సిందే. అదే కొసరు. "అడిగినంత ఇస్తే బేరమప్పా. పైన పిడికెడు ఏస్తే సుట్టరికం" అనేవాడు. మా ఇంట్లో 'చాలు' అన్న మాట ఎవరి నోటా వినబడేది కాదు. భోజనాల దగ్గర చుట్టాలు ఆ మాట అన్నా మాకు వినబడేది కాదు.

ఆ అంగడిలోనే ముందు వైపు, నాలుగు నూనె డబ్బాలు పట్టేంత జాగా అడుక్కుని, అద్దాల తలుపు పెట్టించి, నేను చలపతి రికార్డింగ్ సెంటర్ తెరిచాను. గిరాకీలు చీటీలో పాటలు రాసిస్తారు, నేను ఖాళీ క్యాసెట్లో దించిస్తాను. ఇందులో ఏముంది, ఎవడైనా దించుతాడు అంటారా? నా దగ్గర క్యాసెట్టు చివర ఖాళీ టేపు మిగలదు. అది నా ప్రతిజ్ఞ. మూడు నిమిషాలు మిగిలితే సన్నాయి ముక్క వేస్తాను, నిమిషం మిగిలితే కోడి కూత దగ్గర్నుంచి రైలు కూత దాకా మిమిక్రీ వేస్తాను, అర నిమిషమే మిగిలితే నా సొంత గొంతుతో మా అంగడి పేరు చెబుతాను. ఖాళీ టేపు అమ్మడమంటే మా వంశంలో తక్కువ తూకం వేయడంతో సమానం.

ఇంకో విద్య కూడా ఉండేది నాకు. మా బజారులో కరెంటు ఎప్పుడు నిండుగా ఉంటుందో, ఎప్పుడు నీరసపడుతుందో దేవుడికే తెలియదు. టేపు రికార్డర్లన్నీ ముసలి ఎద్దుల్లా ఈడ్చేవి. "పాట లాగుతాండాది, సూడప్పా" అంటూ తెచ్చేవారు. మోటారు వెనక సన్న రంధ్రంలో ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. దాన్ని ఇటు తిప్పితే పాట పరుగెడుతుంది, అటు తిప్పితే పడుకుంటుంది. ఆ స్క్రూ తిప్పడంలో కౌల్ బజారంతా గాలించినా నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేను అప్పట్లో రోజూ అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు.

ఇక సుధాకర్. నాతో కాలేజీలో చదివాడు. వాళ్లది సిరుగుప్ప వైపు ఒక క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించుకునేవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. వాళ్ల నాన్న వెంకటరత్నం గారి పొలం సరిగ్గా కాలువ చివర. పైవాళ్లందరూ తడుపుకున్నాక మిగిలితే నీళ్లు ఆయనకు. సుధాకర్ మాత్రం గాంధీనగర్‌లో గది తీసుకుని, ఒక కరెంటు గిటారు పెట్టుకుని, రాక్ బ్యాండు మొదలుపెట్టాడు. పేరు 'నిదానం'.

రాక్ అంటే గోల అని నా నమ్మకం. చెవుల్లో దూది పెట్టుకుని మరీ మొదటిసారి వినడానికి వెళ్లాను. సుధాకర్ ఒక తీగ మీటాడు. టంగ్‌మంది. తల ఊపడానికి సిద్ధమయ్యాను. రెండో టంగ్ రాలేదు. చెవుల్లో దూది తీశాను. అయినా రాలేదు.

"ఏందప్పా, తీగ తెగిందా?" అన్నాను.

"లేదు చలపతీ. పాట నడుస్తాండాది."

"యాడికి నడుస్తాండాది? నాకేం కనపడలే."

"కూసో. వస్తాది."

వచ్చింది. ఈలోగా నేను వాళ్ల గది కిటికీకి ఎన్ని ఊచలున్నాయో రెండుసార్లు లెక్కపెట్టాను. డ్రమ్ముల దగ్గర బషీరు కూర్చున్నాడు. వాళ్ల నాన్నది పెళ్లి బ్యాండు. చిన్నప్పట్నుంచి ఊరేగింపుల్లో డోలు బద్దలుకొట్టిన చెయ్యి అది. పాట మొత్తానికి పదో పన్నెండో దెబ్బలు, అంతే. "మా అబ్బా బ్యాండులో చెయ్యి ఆపితే తిడతారు భాయ్. ఈడ కదిలిస్తే తిడతారు" అని నా చెవిలో మొరపెట్టుకున్నాడు. మూడోవాడు గురుబసవ, లావు తీగల గిటారు వాయిస్తాడు. పాటకు నాలుగు స్వరాలు, రోజుకు నాలుగు మాటలు అతని కోటా. ఆ మాటలు కూడా ఎక్కువగా కన్నడంలో 'హౌదు', 'బేడ', 'సాకు', అంటే అవును, వద్దు, చాలు.

పెద్దలు 'నిదానమే ప్రధానం' అన్నారు కదా అని సరిపెట్టుకున్నాను. పాపం, ఇంకా నేర్చుకుంటున్నారు, చెయ్యి తిరిగితే వేగం అదే వస్తుందనుకున్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నా పతనానికి మొదటి మెట్టు ఇదే.

ఏడాది తర్వాత ముగ్గురూ బెంగళూరు స్టూడియోకు వెళ్లి ఆరు పాటలు రికార్డు చేసుకొచ్చారు. ఆల్బం పేరు 'ఎండపొద్దు'. సుధాకర్ ఆ టేపును పసిబిడ్డను తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టి నా కౌంటరు మీద పెట్టాడు.

"నూరు కాపీలు కావల్ల చలపతీ. వచ్చే ఆదివారం మా క్యాంపు మిల్లులో అందరి ముందర రిలీజు. మా నాన్న కూడా ఇంటానన్నాడు."

"ఇంకేం మరి! మొగమట్లుండాదేంది?"

"ఒక్కసారి ఇంటానన్నాడు. ఒక్కటే సారి. దాంట్లో ఏమన్నా ఉండాదనిపిస్తే నా దోవన నన్ను పోనిస్తాడంట. లేదంటే గిటారు అటక మీద, నేను మడిలో."

"కోపంతో అన్నాడేమోలే. మళ్లా మారుస్తాడు."

"మా నాన్న మాట మార్చేది నేను పుట్టినాక సూళ్లేదు." కాసేపు ఆగాడు. మాటల్లోనూ అంతే, పాటల్లోనూ అంతే. "ఉన్నదున్నట్టు దించు. చాలు."

చాలు! చెప్పాను కదండీ, మా ఇంట్లో ఎవరికీ వినబడని మాట అదొక్కటే.

మర్నాడు పొద్దున అంగడి తెరిచి టేపు పెట్టాను. మొదటి పాటలో మొదటి టంగ్‌కూ రెండో టంగ్‌కూ మధ్య మా నాన్న ఒకావిడకు అరకిలో చింతపండు కట్టి, కొసరు కూడా వేశాడు.

"ఏందిరా, మిషను సెడిపోయిందా? ఈడుస్తాండాది" అన్నాడు.

"వోల్టేజి లేదేమో" అంది చింతపండు ఆవిడ.

కరెంటు నిండుగానే ఉంది. బెల్టు చూశాను, కొత్తది. స్పిరిటు, దూది పెట్టి హెడ్డు తుడిచాను. అయినా పాట అలాగే ఈడుస్తోంది. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. గదిలో నిదానంగా వాయించారంటే నేర్చుకుంటున్నారనుకుందాం. స్టూడియోకు వెళ్లి వచ్చాక కూడా ఇట్లా ఎందుకుంటుంది? ఆ బెంగళూరు స్టూడియోవాడి మిషనులో లోపం! పాపం పిల్లలు ఊరూ వాడా దాటిపోయి మోసపోయి వచ్చారు! సుధాకర్ వాళ్ల నాన్న ఒక్కటే సారి వింటాడు, అదీ ఈ ఈడ్చే టేపు! భగవంతుడు సమయానికి నా చేతికి పంపాడు కాబట్టి సరిపోయింది.

స్క్రూడ్రైవరు తీశాను. అడుగుదామా అన్న ఆలోచన రాలేదా అంటారా? వచ్చింది. కానీ చెప్పకుండా బాగుచేసి ఇస్తే ఆ ముఖం ఎట్లా వెలిగిపోతుందో అన్న ఆలోచన దాని నెత్తిన కూర్చుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టడానికి బయలుదేరినవాణ్ణి.

స్క్రూ పావు చుట్టు తిప్పాను. సుధాకర్ గొంతు కాస్త హుషారైంది. ఇంకో పావు తిప్పాను. జలుబు వదిలిన పదేళ్ల పిల్లాడి గొంతైంది. మా నాన్న కాటా ఆపి తల ఊపాడు. "ఆఁ, ఇప్పుడు పాట మాదిరి ఉండాది!"

ఇక ఖాళీలు. పాటల మధ్య ఖాళీ అయితే అర్థం చేసుకోవచ్చు, ఈ మహానుభావులు పాట లోపల పెట్టారు. మాటకూ మాటకూ మధ్య ఒక ఎద్దుల బండి తోలుకుపోయేంత ఖాళీ. గిరాకీకి ఇంత ఉత్త టేపు అంటగడితే నా పేరేం కావాలి? పాజ్ బటను మీద వేలు పెట్టుకుని కూర్చుని, చప్పుడు ఆగగానే నొక్కి, చప్పుడు రాగానే వదిలి, రెండు రోజుల్లో ఖాళీలన్నిటినీ ఏరిపారేశాను. బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధగా ఏరాను. నలభై అయిదు నిమిషాల ఆల్బం పద్నాలుగు నిమిషాలకు వచ్చింది. ఎంత పొదుపు! ఇంకా సగం పక్క మిగిలింది కాబట్టి ఆల్బం మొత్తాన్ని అదే పక్కన రెండోసారి దించాను. కొసరు. రెండో పక్క బషీరు సంతోషిస్తాడని వాళ్ల నాన్న పెళ్లి బ్యాండు నింపాను.

ఒక్క ఖాళీని మాత్రం తీయలేదు. నాలుగో పాట 'కాలువ కొస'లో సుధాకర్ 'నీళ్లొస్తాయంట' అని ఆగుతాడు. ఆగుతాడంటే, మామూలుగా ఆగడం కాదు. నేను గడియారం పెట్టుకుని చూశాను, ముప్పై సెకండ్లు దాటింది. తర్వాత 'వస్తాయంట' అంటాడు. అంత విశాలమైన, చదునైన, నాలుగు రోడ్ల కూడలిలాంటి జాగాను చూశాక నాలోని వ్యాపారి రక్తం ఉడుకెత్తింది. మైకు తీసి, గొంతు సవరించుకుని, రేడియోలో చెప్పినట్టు మా అంగడి ప్రకటన చదివాను. వింటూ మా నాన్న కళ్లు తుడుచుకున్నాడు. "నా అంగడి పేరు పాటలో ఏసినావా నాయినా!" అన్నాడు. ఆ క్షణంలో నేను సంతోషంగా ఉన్నానని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఊరకున్నంత ఉత్తమం లేదని మన పెద్దలు ఊరికే అనలేదండీ. నాలాంటివాడొకడు వాళ్ల కాలంలోనూ ఉండి ఉంటాడు.

ఆదివారం మధ్యాహ్నం నూరు క్యాసెట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో క్యాంపుకు వెళ్లాను. మిల్లు ముందు టార్పాలిన్ పరిచారు. నలభై యాభై మంది కూర్చున్నారు, టీలు తిరుగుతున్నాయి. సుధాకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అన్నం దిగని ముఖంతో నిలబడ్డాడు. వెంకటరత్నం గారు తన సొంత టేపు రికార్డరును తెచ్చి స్టూలు మీద పెట్టుకున్నారు. మనిషి సన్నగా, నిటారుగా, గట్టు మీద పాతిన రాయిలా ఉంటారు.

"ఏవయ్యా శెట్టిగారబ్బాయ్, దించావా?" అన్నారు.

"దించినా మామా. అడిగిందానికంటే బాగానే దించినా" అన్నాను. సుధాకర్ నా వైపు ఒకసారి చూశాడు. నేను కన్ను గీటాను. ఆ కన్ను గీటడం తలచుకుంటే ఇప్పటికీ ఆ కంటిని కాసేపు మూసుకుంటాను.

"సరే. ఒక్కసారి వింటాను. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు" అని ఆయన బటను నొక్కారు.

మొదటి పాట మొదలైంది. మొదలైందని తెలిసేలోపే అయిపోయింది. ఆ వెనకే రెండోది తరుముకుంటూ వచ్చింది. సుధాకర్ గొంతు ఎలుకపిల్ల పాలకు ఏడ్చినట్టుంది. టార్పాలిన్ మీద చిన్నపిల్లలు లేచి గంతులేయడం మొదలుపెట్టారు. నేను గర్వంగా సుధాకర్ ముఖం వైపు తిరిగాను. వెలిగిపోవాల్సిన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంది ఇది?" అన్నాడు మెల్లగా.

బషీరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "భాయ్, ఆ డోలు నాది కాదు. ఎవడో కుక్కరు మూత కొడతాండాడు."

"నీదే బషీరూ. కొద్దిగా హుషారు చేసినా."

"నక్కో భాయ్! ఎవరు చెయ్యమన్నారు?"

గురుబసవ నోరు తెరిచి ఆ రోజు కోటాలో ఒక మాట ఖర్చు చేశాడు. "బేడ."

అంటే స్టూడియోవాడి మిషను బాగానే ఉందా? అంటే ఆ పాటలు నిజంగానే... లెక్కలు కట్టేలోపే నాలుగో పాట వచ్చేసింది. ఎలుకపిల్ల 'నీళ్లొస్తాయంట' అంది. వెంటనే, ఒక్క క్షణం సందు లేకుండా, నా నిండు గొంతు మిల్లంతా మోగింది.

"మేలైన కందిపప్పుకు, పాత బెల్లానికి, గానుగ పట్టిన శనగ నూనెకు నేడే దయచేయండి! కౌల్ బజార్, చలపతి రికార్డింగ్ సెంటర్ ఉన్న అంగడి! తూకంలో నిజాయితీ, కొసరులో ఉదారత!"

"వస్తాయంట" అంది ఎలుకపిల్ల.

యాభై మంది ఒక్కసారిగా నవ్వారు. ఒకాయన టీ ముక్కులోంచి బయటికి వచ్చింది. వెంకటరత్నం గారు మాత్రం నవ్వలేదు. చివరిదాకా విన్నారు. ఆల్బం రెండోసారి మొదలవగానే ఆపేశారు.

"పాటలేవీ అర్థం కాలేదు" అన్నారు. "కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలిసింది." తర్వాత కొడుకు వైపు తిరిగారు. "విన్నాను కదరా. అన్న మాట ప్రకారం విన్నాను."

సుధాకర్ నన్ను తిట్టలేదు. మూల నిలబెట్టిన గిటారు కరెంటు వైరును మోచేతికి మడతలు మడతలుగా చుట్టుకోవడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా తెలివి మీద నాకున్న గౌరవమంతా ఆ పద్నాలుగు నిమిషాల్లో పోయింది. ఇంతవరకూ అది పూర్తిగా తిరిగి రాలేదు. ఆలస్యమే అమృతమైన చోట నేను విషం కలిపాను. వాడు ఏడాది పాటు గుక్క గుక్కగా కూడబెట్టుకున్న మౌనాన్ని నేను రెండు రోజుల్లో ఏరి పారబోశాను.

స్టూలు ముందుకు వెళ్లి నిలబడ్డాను. "మామా, తప్పు వాంది కాదు. నాది. స్పీడు పెంచింది నేను, మధ్యలో కత్తిరించింది నేను, ఆ కందిపప్పు నేను. ఒరిజినలు నా సంచీలో ఉండాది. ఇంకొక్కసారి ఇనండి."

"ఒక్కసారన్నాను కదయ్యా. అన్న మాట అన్నదే."

"మాట నిజమే మామా. ఒకటి అడుగుతా చెప్పండి. మీరు వడ్లు మిల్లుకు తోల్తారు. కాటా తప్పని తేలింది. ఆ తూకం లెక్కలోకి వస్తాదా?"

ఆయన కళ్లు చిన్నవయ్యాయి. పక్కనున్న రైతులు కూడా టీ గ్లాసులు దించారు. క్యాంపులో దేని మీదైనా ఆయనకు సందేహం రావచ్చు, తప్పు కాటా మీద రాదు.

"ఎలా వస్తుంది? మళ్లీ తూయాలి" అన్నారు.

"మీరు ఇప్పుడు తూసింది మీవాని పాట కాదు మామా. నా స్క్రూడ్రైవరు. కాటా నేను చెడగొట్టినా. మళ్లా తూయండి."

చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. ఈ కుటుంబంలో అందరికీ ఈ జబ్బు ఉన్నట్టుంది. చివరికి చెయ్యి చాపారు. "ఇలా తే."

ఒరిజినలు టేపు పెట్టారు. టంగ్‌మంది. తర్వాత ఏమీ లేదు. పిల్లలు గంతులాపి బిక్కమొహాలు వేశారు. ఒక పెద్దాయన కండువా దులుపుకుని లేవబోయాడు. "ఆగిపోయినట్టుందండీ రత్నం గారూ."

"ఆగలేదు. కూర్చో" అన్నారాయన.

రెండో టంగ్ వచ్చింది. ఒకటి, రెండు, మూడు పాటలు అలాగే, నడి ఎండలో నీడ జరిగినంత మెల్లగా జరిగాయి. నాలుగోది మొదలైంది. 'నీళ్లొస్తాయంట' అని వాడి అసలు గొంతు, లావుగా, కాస్త బొంగురుగా పాడి ఆగింది. నేను అంతకుముందు ఎన్నోసార్లు గడియారం పట్టుకుని కొలిచిన ఖాళీ అది. కొలిచానే కానీ ఒక్కసారీ వినలేదని అప్పుడు తెలిసింది. మిల్లు రేకు ఎండకు చిటపటమంది. దూరంగా ఎవరిదో ట్రాక్టరు వెళ్లింది. తూము దగ్గర సన్నగా నీళ్ల చప్పుడో, నీళ్ల చప్పుడని మా భ్రమో. అక్కడున్న రైతులంతా, అంతకుముందు నవ్వినవాళ్లే, తలలు కాస్త కాలువ వైపు తిప్పి కూర్చున్నారు. వెంకటరత్నం గారు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి బిగబట్టారు. 'వస్తాయంట' అన్నాక వదిలారు.

ఆరు పాటలూ అయ్యాక ఎవరూ కదల్లేదు. అయ్యాయో లేదో ఎవరికీ తెలియకపోవడం కూడా ఒక కారణం అనుకోండి.

"మన చివరి మడి గట్టు మీద కూర్చున్నట్టుందిరా" అన్నారు వెంకటరత్నం గారు. "ఇదంతా ఎక్కడ విన్నావురా నువ్వు?"

"నీ పక్కనే కదా నాన్నా. చిన్నప్పుడు నీళ్ల వంతుకు నన్ను కూడా తీసుకుపోయేవాడివి. నువ్వు మాట్లాడేవాడివి కాదు."

"మాట్లాడితే నీళ్ల చప్పుడు వినపడదురా."

"అదే నాన్నా నేను పాడింది."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. చెమటే తుడుచుకున్నారని ఆ రోజు అందరం ఒప్పుకున్నాం. "రెండు పంటలు" అన్నారు. "రెండు పంటల కాలం నిన్ను పొలానికి పిలవను. వెళ్లి వాయించుకో."

సుధాకర్ అప్పటికే తల ఊపేశాడు. వాడికి బేరం రాదు. నేను ఊరుకోలేకపోయాను. "మామా, ఇంకొక పంట కొసరు ఏయండి!"

జనం మళ్లీ నవ్వారు. ఈసారి ఆయన కూడా నవ్వారు. "నీ తస్సాదియ్యా, మూడు. ఇక నోరు మూసుకో."

ఇంత జరిగాక నన్ను ఊరికే వదిలేస్తారా? శిక్ష సుధాకరే వేశాడు. నూరు క్యాసెట్లూ మళ్లీ దించాలి, అసలు వేగంలో దించాలి, దించేటప్పుడు ప్రతిదాన్నీ నేను కూర్చుని మొదటినుంచి చివరిదాకా వినాలి, పాజ్ బటనుకు ఆమడ దూరంలో. నెల పైనే పట్టింది. మొదటి వారం ఆ ఖాళీలు వచ్చినప్పుడల్లా నా వేళ్లు దురద పెట్టేవి, వాటిని పిరుదుల కింద పెట్టుకుని కూర్చున్నాను. రెండో వారం కాస్త నెమ్మదించాయి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం మా నాన్న లోపల్నుంచి వచ్చాడు.

"ఏందిరా, అంగట్లో ఇంత సైలెంటుగా ఉండాది?"

"పాట నడుస్తాండాది నాయినా."

ఆయన నా పక్కన బస్తా మీద కూర్చున్నాడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ పగటిపూట ఆయన కూర్చోవడం నేను చూడలేదు. నాలుగో పాట వచ్చింది. ఆ పెద్ద ఖాళీలో తన అంగడి పేరు లేదని గమనించాడు, నన్నేమీ అడగలేదు. ఇంతలో ఒక గిరాకీ వచ్చి "కందిపప్పు ఉండాదాప్పా?" అని కేకేశాడు. మా నాన్న పెదాల మీద వేలు పెట్టి, "వస్తాయంట అననీ, ఇస్తా" అన్నాడు.

పెట్టె సిద్ధమయ్యాక సుధాకర్ కొత్త అట్టలు అచ్చు వేయించి తెచ్చాడు. క్యాసెట్టు డబ్బాలో పెట్టే ఆ చిన్న అట్ట మీద ఎవరెవరు ఏం చేశారో పేర్లు ఉంటాయి కదా. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను చదివాను. గిటారు, పాట: సుధాకర్. డ్రమ్ములు: బషీరు. బేస్ గిటారు: గురుబసవ. అన్నిటికంటే కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, "నిశ్శబ్దం: చలపతి ముట్టుకోలేదు" అని ఉంది.

మా వంశంలో అచ్చులో పేరు పడిన మొదటివాణ్ణి నేనే. ఏ పనీ చేయనందుకు కీర్తి దక్కిన మనిషి ఈ జిల్లాలో నేను తప్ప ఇంకొకడు లేడు. ఆ అట్ట మీద అరచెయ్యి పెట్టి, బషీరు, గురుబసవ సాక్షులుగా గంభీరంగా ప్రమాణం చేశాను. ఇక జన్మలో ఎవరైనా మాట మధ్యలో ఆగితే ఆగనిస్తాను, పాట మధ్యలో ఆగితే ఊపిరి బిగబట్టి కూర్చుంటాను, ఏ ఖాళీలోనూ పప్పు గానీ బెల్లం గానీ నూనె గానీ పోయను. ప్రమాణం అయ్యాక అందరూ చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. నేను కూడా ఉన్నాను, ఒట్టు, దాదాపు పది సెకండ్లు ఉన్నాను. ఆ తర్వాత ఎవరో ఒకరు టీ అనాలి కదండీ!